మోకాలి లోతు కెరటాల్లో కయాక్ తిరగబడితే: ప్రమాదాలు, దశలవారీ జాగ్రత్తలు

తీరానికి దూరంగా, లోతైన నీటిలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) తిరగబడితే చుట్టూ నీళ్లే ఉంటాయి. తలకో భుజానికో తగిలే గట్టి వస్తువు సాధారణంగా ఏదీ ఉండదు. అదే కయాక్ ఒడ్డుకు 15 మీటర్ల దూరంలో, నడుము లోతు నీటిలో, విరిగిపడే కెరటాల మధ్య తిరగబడితే కింద గట్టి ఇసుక నేల, పక్కన నీళ్లు నిండిన పడవ, వెనుక మరో కెరటం ఉంటాయి. అయినా చాలామంది ఈ రెండో పరిస్థితినే తేలికగా తీసుకుంటారు. కాళ్లు నేలకు అందుతున్నాయి కాబట్టి లేచి నడిచి వెళ్లిపోవచ్చని అనుకుంటారు. నాచేత ఈ మార్గదర్శి రాయించింది ఆ ధీమాయే. లేచి నిలబడిన మనిషి మోకాళ్ల మీదికి, పిక్కల మీదికి నిండు కయాక్ దూసుకువస్తే ఆ కాళ్లు తప్పుకునే వ్యవధి ఉండదు.

కింద చెప్పే మెళకువలన్నింటికీ మూలం ఒకే నియమం: కెరటాలు విరిగే చోట కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య మీరు ఎప్పుడూ ఉండకూడదు. పడవ ఒడ్డు వైపు, మీరు సముద్రం వైపు ఉండాలి. తిరగబడిన గందరగోళంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలా గాయాలు తప్పుతాయి.

లోతు తక్కువైనప్పుడు ఏం జరుగుతుంది

లోతు తగ్గేకొద్దీ అల వేగం తగ్గి, ఎత్తు పెరిగి, చివరకు తన బరువు తానే మోయలేక ముందుకు కూలుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు ఇది జరుగుతుందని స్థూలంగా లెక్క వేసుకోవచ్చు. అంటే మీటరు ఎత్తు కెరటం ఛాతీ లోతు నీటిలో విరుగుతుంది. అర మీటరు కెరటం మోకాలికి కాస్త పైన విరుగుతుంది. ఒడ్డుకు చేరుతున్నవారిని కెరటం సరిగ్గా నేల దగ్గరపడిన చోటే పడగొట్టడానికి కారణం ఇదే.

నేల వాలును బట్టి కెరటం తీరు మారుతుంది. తీరం మెల్లగా లోతయ్యే చోట నురుగు పైనుంచి జారుతూ చాలా దూరం వస్తుంది; దాని దెబ్బ నెమ్మదిగా ఉంటుంది. తీరం నిటారుగా లోతయ్యే చోట కెరటం చుట్టుకుని, నీరు గోడలా లేచి ఒక్కసారిగా నేల మీదికి కూలుతుంది. ఈ రెండో రకం కెరటాల్లో కయాక్ దిగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చూడటానికి చిన్నవిగా ఉన్నా మెడ విరిచే శక్తి వాటికి ఉంటుంది.

ఇక బరువు సంగతి. లీటరు నీరు కిలో బరువు; సముద్రపు నీరు ఇంకాస్త ఎక్కువ. 25 కిలోల కయాక్‌లోకి 150 లీటర్ల నీరు చేరితే మొత్తం 175 కిలోలు దాటుతుంది. మీటరు లోతు నీటిలో కెరటం సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో కదులుతుంది. ఆ బరువును ఆ వేగంతో తోసుకువచ్చే కెరటాన్ని చేతులు చాపి ఆపగలమనుకోవడం ఎంత పొరపాటో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. నీటిలో తేలుతున్నంతసేపూ పడవ బరువు చేతికి తెలియదు, అందుకే మనిషి మోసపోతాడు.

తలకిందులుగా వేలాడే స్థితిని కూడా ఊహించండి. లోపల కూర్చుని నడిపే కయాక్‌లో మనిషి నిటారుగా కూర్చుని తిరగబడితే తల పడవకు దాదాపు 80 సెంటీమీటర్ల కింద ఉంటుంది. నీరు మీటరు కంటే తక్కువ ఉన్నప్పుడు ఆ తల నేలను తాకవచ్చు. పైన కయాక్‌ను కెరటం ఈడ్చుకుపోతుంటే కింద తల ఇసుకలోనో రాళ్ల మీదో రాసుకుపోతుంది. హెల్మెట్ ఎందుకని అడిగేవారికి ఇంతకంటే జవాబు అవసరం లేదు.

మొదటి దశ: నీటిలో దిగే ముందు

ఒడ్డున నిలబడి కనీసం 15 నిమిషాలు కెరటాలను గమనించాలి. కెరటాలు ఒకే తీరుగా రావు. కాసేపు చిన్నవి వచ్చాక నాలుగైదు పెద్దవి వరుసగా వస్తాయి, తర్వాత మళ్లీ తెరిపి ఇస్తాయి. రెండు నిమిషాలు మాత్రమే చూసినవారు ఆ తెరిపినే అసలు స్వభావంగా పొరబడి దిగుతారు, మధ్యలోకి చేరేసరికి పెద్ద వరుస ఎదురవుతుంది. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగకుండా నీరు వెనక్కి పోతోందో, తీరంలో స్నానం చేసేవారు ఏ వైపు ఉన్నారో ఆ సమయంలోనే చూసుకోవాలి. జనం ఉన్న చోట కయాక్ దించవద్దు. చేయి జారిన పడవ మీకంటే ముందు పిల్లలను తాకుతుంది.

హెల్మెట్, ఫోమ్‌తో నింపిన లైఫ్ జాకెట్ రెండూ తప్పనిసరి. గాలితో ఉబ్బే రకం జాకెట్ కెరటాల్లో పనికిరాదు. అది ఉబ్బేలోపు ఒంటికి ఫోమ్ రక్షణ ఉండదు, ఉబ్బాక కెరటం కిందికి మునిగి తప్పించుకోనివ్వదు. జాకెట్ బిగుతు సరిపోయిందో లేదో చూడటానికి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోవాలి. గడ్డం దాకా జరిగితే పట్టీలు ఇంకా బిగించాలి.

స్ప్రే స్కర్ట్ (కూర్చునే చోటులోకి నీరు రాకుండా నడుముకు తొడుక్కుని, పడవ అంచుకు బిగించే గుడ్డ) వాడేవారు దాని ముందరి లాగుడు పట్టీ బయటికి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. కళ్లతో చూస్తే చాలదు, చేత్తోనే తడమాలి. తలకిందులుగా ఉన్నప్పుడు కళ్లు పనిచేయవు, చేతికి ఆ పట్టీ దొరకాలి. అది లోపలికి మడతపడి ఉంటే స్కర్ట్ తేలిగ్గా ఊడదు.

తెడ్డును పడవకు కట్టే తాడు, కాలికి కట్టుకునే తాడు లోతైన నీటిలో ఉపయోగకరమైనవే. కెరటాలు విరిగే చోటుకు చేరే ముందు మాత్రం వాటిని విప్పేయాలి. మనిషినీ 175 కిలోల పడవనూ ఒకే తాడు కలిపి ఉంచితే పడవ ఎటు పోతే మనిషీ అటే పోవలసి వస్తుంది. ఆ తాడు చీలమండకో మెడకో చుట్టుకుంటే కథ మరింత విషమిస్తుంది. చేపలు పట్టేవారు గాలాలు, కడ్డీలు, లంగరు తాడు అన్నీ లోపల పెట్టి మూత వేయాలి.

ఒకరికంటే ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరే ఒడ్డుకు రావాలి. ముందు దిగినవారు తన పడవను తడి ఇసుక దాటించి, పక్కకు తప్పుకుని సైగ చేసేవరకు రెండోవారు కదలకూడదు.

రెండో దశ: కెరటం కయాక్‌ను అడ్డం తిప్పినప్పుడు

ఒడ్డుకు వచ్చేటప్పుడు వెనుకనుంచి కెరటం తాకితే ముందు కొన నీటిలో గుచ్చుకుని, వెనుక భాగం పక్కకు జరిగి, చివరకు కయాక్ తీరానికి సమాంతరంగా అడ్డం తిరుగుతుంది. ఎక్కువమంది తిరగబడేది ఈ క్షణంలోనే. మనిషి సహజంగా కెరటానికి దూరంగా, ఒడ్డు వైపుకు ఒరుగుతాడు. అలా ఒరగగానే ఒడ్డు వైపు అంచు నీటిలో దిగబడి, కెరటం పడవను ఆ అంచు మీదుగా బోర్లా తోసేస్తుంది. మనిషి తల నేల వైపు, ఒడ్డు వైపు పడుతుంది, పడవ అతని మీదుగా దొర్లుతుంది. అంటే నిషేధించిన చోటులోనే పడతాడు.

కాబట్టి మనసు వద్దంటున్నా కెరటం వైపుకే ఒరగాలి. ఒడ్డు వైపు తుంటిని, మోకాలిని పైకెత్తి, తెడ్డు ఆకును నురుగు మీద ఆనించి, కెరటం బలం తగ్గేదాకా దాని మీద వాలి ఉండాలి. ఇలా వాలి ఉన్నప్పుడు తిరగబడినా సముద్రం వైపే పడతారు.

ఇక్కడే భుజం సంగతి చెప్పాలి. తెడ్డును ఆనించేటప్పుడు మోచేతులు వంచి, పక్కటెముకలకు దగ్గరగా ఉంచాలి. చేతులు భుజాల ఎత్తు దాటకూడదు. చేతిని తలపైకి, వెనక్కి చాపి కెరటాన్ని ఆపబోతే నీటి బలమంతా భుజపు కీలు మీద పడి ఎముక గూటినుంచి జారుతుంది. జారిన భుజంతో స్కర్ట్ లాగడం, ఈదడం, పడవను వదిలించుకోవడం అన్నీ కష్టమవుతాయి. తెడ్డు పోయినా ఫర్వాలేదు, భుజం పోకూడదు.

మూడో దశ: తిరగబడిన క్షణం

పడవ ఒరుగుతున్నట్టు తెలియగానే ఊపిరి పీల్చి ముందుకు వంగాలి. గడ్డం ఛాతీకి, ఛాతీ పడవ పైభాగానికి వీలైనంత దగ్గరగా చేర్చి, ముంజేతులతో ముఖాన్ని కాపాడుకోవాలి. వెనక్కి వాలితే ముఖం, గొంతు, ఛాతీ నేలకు ఎదురవుతాయి, మెడ వెనక్కి విరుచుకుంటుంది. ముందుకు ముడుచుకుంటే దెబ్బ హెల్మెట్‌కు, జాకెట్ వీపుకు తగులుతుంది. పైగా తల నీటిలో అంత లోతుకు వేలాడదు.

ఒక చేత్తో నేలను నెట్టి లేవాలనిపిస్తుంది. ఆ పని చేయవద్దు. పడవ కదులుతుండగా నేలలో దిగబడిన చేయి మణికట్టునో భుజాన్నో బలి తీసుకుంటుంది.

తెడ్డుతో తిప్పుకుని లేచే విద్య బాగా వచ్చినవారు నీరు ఛాతీ లోతు ఉన్నప్పుడు, కెరటం తోపు తగ్గాక దాన్ని ప్రయత్నించవచ్చు. నడుము కంటే తక్కువ నీటిలో తెడ్డు ఆకు నేలకు తగులుతుంది, ప్రయత్నం చెడుతుంది, ఈలోపు తల నేలకు దగ్గరగానే ఉంటుంది. అక్కడ వెంటనే బయటపడటమే సరైనది.

బయటపడే క్రమం ఇది. కెరటం మొదటి తాకిడి రెండు మూడు సెకన్లలో దాటిపోతుంది. అంతవరకు ముడుచుకునే ఉండాలి. తర్వాత పడవ అంచు వెంట చేతిని ముందుకు జరిపి స్కర్ట్ పట్టీని అందుకుని, ముందుకు తోసి ఆపైన లాగాలి. చేతులను తుంటి పక్కన అంచు మీద ఆనించి, ప్యాంటు విప్పినట్టు పడవను కాళ్లనుంచి కిందికి తోసేయాలి. శరీరం ముందుకు దొర్లుతూ బయటికి వస్తుంది. వెనక్కి వాలి బయటికి రావాలని ప్రయత్నిస్తే తొడలు అంచుకు ఇరుక్కుంటాయి. పైన కూర్చుని నడిపే రకం కయాక్‌లో ఈ శ్రమ లేదు, మనిషి తనంతట తానే పడిపోతాడు. అయితే తొడ పట్టీలు కట్టుకున్నవారు వాటిని విప్పే పద్ధతి చీకట్లో కూడా తెలిసి ఉండాలి.

నాలుగో దశ: నీటిపైకి వచ్చాక మొదటి 10 సెకన్లు

పైకి వచ్చేటప్పుడు ఒక ముంజేతిని తలకు పైగా అడ్డుపెట్టుకుని రావాలి; పడవ సరిగ్గా మీ నెత్తిన ఉండవచ్చు. ఊపిరి అందగానే మొదట చూడవలసింది ఒడ్డు వైపు కాదు, సముద్రం వైపు. తర్వాతి కెరటం ఎంత దూరంలో ఉందో తెలిస్తేనే మీ దగ్గర ఎంత సమయం ఉందో తెలుస్తుంది. కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధి చాలా తీరాల్లో 6 నుంచి 15 సెకన్లే. ఆ తర్వాత పడవ ఎటు ఉందో చూడాలి.

పడవ మీకు సముద్రం వైపు ఉంటే, దాన్ని పట్టుకోవాలని చూడకుండా పక్కకు, అంటే తీరానికి సమాంతరంగా, దాని దారినుంచి తప్పుకోవాలి. ఒడ్డు వైపుకు పరుగెత్తితే పడవ వెంటపడి తాకుతుంది. తప్పుకునే వ్యవధి లేకపోతే, కాళ్లు నేల మీద ఆనించకుండా, ముడుచుకుని నీటి కిందికి పోవడం మేలు. తేలే వస్తువు పైనుంచి దాటిపోయే అవకాశం ఉంటుంది. ఇది మీటరు లోతు ఉన్న చోటే పనికివస్తుంది.

పడవ ఒడ్డు వైపు ఉండి, చేతికి అందే దూరంలో ఉంటే, సముద్రం వైపున్న కొనను పట్టుకుని వెంట ఈదవచ్చు. అప్పుడు కెరటం పడవను మీనుంచి దూరంగా, ఒడ్డుకు లాక్కుపోతుంది, మిమ్మల్నీ తీసుకుపోతుంది. నడుమ భాగాన్ని పట్టుకోవద్దు. కొనకు ఉండే తాడు చుట్టలోకి వేళ్లు దూర్చవద్దు. కెరటంలో పడవ గిరగిరా దొర్లినప్పుడు ఆ చుట్ట మెలికపడి వేళ్లను బిగిస్తుంది. తీయబోయినా రాదు, నీళ్లు నిండిన పడవ మరో మెలిక తిరుగుతుంది, వేలు కీలు దగ్గర విరుగుతుంది. పిడి పైనుంచి అరచేతితో పట్టుకోవాలి, లాగితే జారిపోయేంత వదులుగానే ఉండాలి.

కెరటం పెద్దదైతే పడవను వదిలేయండి. కెరటాలు విరిగే చోట వదిలిన పడవ చాలావరకు ఒడ్డుకే కొట్టుకుపోతుంది. వదిలేముందు, దాని దారిలో ఎవరైనా ఉంటే గట్టిగా అరవాలి.

అయిదో దశ: మోకాలి లోతు

ఈ దశను అందరూ అయిపోయిన పనిగా లెక్కిస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే. ఒడ్డున నిలబడి చూస్తే తరచూ కనిపించే దృశ్యం ఒకటి చెబుతాను. మనిషి లేచి నిలబడ్డాడు, ముఖం తుడుచుకున్నాడు, నవ్వుతున్నాడు. నీరు వెనక్కి పోతూ పాదాల కింద ఇసుకను కోస్తోంది. కయాక్ తీరానికి అడ్డంగా, నీళ్లతో నిండి, కదలకుండా పడి ఉంది. అతను ఒడ్డు వైపునుంచి వెళ్లి, సముద్రం వైపే తిరిగి ఉన్నా, పడవ మీద తెడ్డు కోసం వంగి, కళ్లు దించాడు. మోకాలి ఎత్తు నురుగు కెరటం పడవ పొడవునా ఒకేసారి తగిలింది. పడవ అతని కాళ్ల ముందు భాగాన్ని తాకి, పాదాలు ఇసుకలో దిగబడి ఉండగానే మోకాళ్లను వెనక్కి వంచి, మీదికి దొర్లింది. మొత్తం రెండు సెకన్లు. ఆ కెరటం ఎత్తు అర మీటరు కూడా లేదు.

అందుచేత మోకాలి లోతులో కూడా పడవకు సముద్రం వైపునే, అదీ కొన దగ్గరే నిలబడాలి. కొన దగ్గరే అనడానికి కారణం ఉంది: నిటారు తీరంలో వెనక్కి పోయే నీరు పడవను సముద్రం వైపు లాగుతుంది, నడుమ నిలబడితే అప్పుడు అటునుంచి దెబ్బ తగులుతుంది. కొన దగ్గర చేయి చాపిన దూరంలో ఉంటే రెండు వైపులా తప్పుకోవచ్చు. పడవను తీరానికి నిలువుగా తిప్పి, కెరటం లేపినప్పుడు మాత్రమే ముందుకు తోయాలి. నీరు వెనక్కి పోతున్నప్పుడు లాగితే నడుము పట్టేస్తుంది, పడవ కదలదు. తెడ్డు, టోపీ, నీళ్ల సీసా ఏది కొట్టుకుపోయినా తర్వాత వెతుక్కోవచ్చు.

కెరటాలు అందని చోటుకు చేరాకే నీరు ఖాళీ చేయాలి. నిండు పడవను ఎత్తవద్దు. పక్కకు ఒరిపి సగం నీరు పోనిచ్చి, బోర్లించి, ఒక కొనను తర్వాత మరో కొనను కొద్దికొద్దిగా లేపాలి. లోపల అడ్డుగోడలు లేని కయాక్‌లో ఖాళీ స్థలమంతా గాలి సంచులతో నింపి ఉంచితే ఇంత నీరు చేరదు.

ఒడ్డునుంచి దూరంగా లాగేసే ప్రవాహం

కెరటాలు మోసుకొచ్చిన నీరు ఎక్కడో ఒకచోట సన్నని పాయగా సముద్రంలోకి తిరిగి పోతుంది; దీన్నే రిప్ కరెంట్ అంటారు. కెరటాలు విరగకుండా నల్లగా, ప్రశాంతంగా కనిపించే దారి చాలాసార్లు ఇదే. దాని వేగం కొన్నిచోట్ల సెకనుకు 2 మీటర్లు దాటుతుంది, ఈతగాళ్లెవరూ దానికి ఎక్కువసేపు ఎదురీదలేరు. అందులో చిక్కితే లైఫ్ జాకెట్ మీద తేలుతూ, తీరానికి సమాంతరంగా ఈది, కెరటాలు విరిగే చోటుకు చేరి, వాటితో పాటు ఒడ్డుకు రావాలి. ఈ ఒక్క సందర్భంలో పడవ చేతిలో ఉంటే వదలకూడదు. అది తేలే ఆధారం, దూరంనుంచి వెతికేవారికి కనిపించే గుర్తు.

సాయం చేసేవారు

పడినవారిని అందుకోవడానికి నేరుగా ఎదురు పరుగెత్తేవారు పడవ దారిలోకే వెళతారు. పక్కనుంచి చుట్టి వెళ్లాలి. ముందు మనిషి, తర్వాతే పడవ. తాడు విసిరితే దాని చివరను చేతికి చుట్టుకోకూడదు.

తల నేలకు గుద్దుకున్న మనిషి మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నా, కదపలేకపోతున్నా వెన్నుపూస గాయమనే భావించాలి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా పట్టుకుని, నీటిలో తేలిస్తూ ఒడ్డుకు చేర్చి, కదలనివ్వకుండా అత్యవసర సేవను పిలవాలి. అయితే ఊపిరి ఆగితే మెడ గాయం భయంతో ఆలస్యం చేయకూడదు. వెంటనే బయటికి తీయాలి. నీటిలో మునిగి శ్వాస ఆగినవారికి కావలసింది మొదట గాలి. యూరోపియన్ రిససిటేషన్ కౌన్సిల్ మార్గదర్శకాల ప్రకారం ముందు 5 సార్లు నోటి ద్వారా ఊపిరి ఊది, ఆపైన 30 ఛాతీ నొక్కులకు 2 ఊపిరుల చొప్పున, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో కొనసాగించాలి. పొట్ట నొక్కి నీరు కక్కించే ప్రయత్నం వద్దు. అది సమయాన్ని తినేస్తుంది, కక్కిన పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదాన్ని పెంచుతుంది.

జారిన భుజాన్ని ఒడ్డున లాగి సరిచేయాలని చూడవద్దు. గుడ్డతో ఛాతీకి కట్టి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరైన మనిషి తేరుకున్నట్టు కనిపించినా, కొన్ని గంటలపాటు ఒంటరిగా వదలకూడదు. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సాధన

చదివిన క్రమం తలకిందులుగా ఉన్నప్పుడు గుర్తుకురాదు. శరీరానికి అలవాటు కావాలి. ముందు అలలు లేని, ఛాతీ లోతు నీటిలో, పక్కన ఒకరిని నిలబెట్టుకుని తిరగబడి బయటపడటం నేర్చుకోవాలి. లోపల ఉండగా పడవ అడుగును చేత్తో మూడుసార్లు తట్టి, ఆ తర్వాతే పట్టీ లాగే అలవాటు చేసుకుంటే కంగారు తగ్గుతుంది. కళ్లు మూసుకుని పట్టీ అందుకోవడం, రెండు చేతుల్లో ఏ ఒక్కదానితోనైనా లాగడం వచ్చాక, మెల్లగా లోతయ్యే ఇసుక తీరంలో, మోకాలి ఎత్తుకు మించని కెరటాల్లో, హెల్మెట్ పెట్టుకుని ప్రయత్నించాలి. ప్రతిసారీ పైకి రాగానే పక్కనున్నవారు ఒకే ప్రశ్న అడగాలి: పడవ ఏ వైపు ఉంది? చూసి, ఆలోచించి చెప్పవలసి వస్తున్నంతకాలం అదే ఎత్తు కెరటాల్లోనే సాధన కొనసాగించాలి.